బొగ్గు లెక్క

బొగ్గుగనిలో వాలంటరీ రిటైర్మెంట్ తీసుకుని, వచ్చిన డబ్బు బ్యాంకులో వేసుకున్న కొత్తలో, ఒకరోజు కొత్తగూడెంలో భద్రాచలం బస్సెక్కాను. పక్క సీటు మనిషి తన గోనెసంచిని నా కాళ్ల మీదికి నెట్టాడు. నా తెల్ల ధోతి అంచు నల్లబడింది.

“కండ్లు కనపడ్తలేవా? బొగ్గు సంచి మనుషుల మీద పెడతరా?” అన్నాను.

“బొగ్గంటే గంత రోతనా? ఏం పని చేస్తవ్?”

“ఇరవై ఏండ్లు బొగ్గుబాయి దిగినోణ్ణి. ఇప్పుడు వడ్డీ మీద మంచిగ బతుకుతున్న.”

ఆ మనిషి నన్ను ఎగాదిగా చూశాడు.

“నేను గూడ బాయిల పని ఇడిసిపెట్టినోణ్ణే. ఆ వడ్డీల నెల ఖర్చులన్నీ లెక్క ఏసుకున్నవా?”

“అన్నీ ఏసుకున్న. నీకెందుకు?”

“బొగ్గు ఏసుకున్నవా?”

డ్యూటీ ఉన్నన్నాళ్లూ క్వార్టర్‌కు బొగ్గు ఊరికే వచ్చేది. అది కూడా కొనాల్సిన వస్తువేనని నాకు తట్టనే లేదు.

“బస్తా బొగ్గు ధర ఎంతనో చెప్పు, చెప్తే నీ ధోతి నేనే ఉతుకుత” అన్నాడు.

ముందు సీట్లవాళ్లు పకపకా నవ్వారు. పాల్వంచలో దిగేటప్పుడు అతను ఆ సంచిని కావాలనే నా పాదాల మీదుగా ఈడ్చుకుపోయాడు. భద్రాచలం చేరేదాకా అతన్ని మనసులో తిడుతూనే ఉన్నాను.

ఇంటికి తిరిగొచ్చిన సాయంత్రం, మిగిలి ఉన్న బొగ్గును మా ఆవిడ పొయ్యిలో పేరుస్తుంటే ఒక పెళ్ల తీసి పక్కన పెట్టాను.

“గిదేం కొత్త? ఎవరు నేర్పిన్రు నీకు?” అంది చిరాగ్గా.

“బస్సుల ఎవడో బద్మాష్‌గాడు” అన్నాను, రెండో పెళ్ల తీస్తూ.