చేపముల్లు అనుకున్నాను

ఆ శనివారం మధ్యాహ్నం భూలి చేప తలను ముట్టుకోలేదు. అప్పుడే నాకు ఏదో తేడాగా అనిపించింది.

భూలి అంటే కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో, మా లైన్లో తిరిగే గోధుమరంగు ఆడకుక్క. ఎవరూ కట్టేసి పెంచింది కాదు. పది ఇళ్ళ తిండి తిని మా మెట్ల కింద పడుకునేది. పక్కింటి బెంగాలీ ఆవిడ, మేమంతా వదిన అన్నట్టు బౌది అని పిలుస్తాం, రోజూ చేప తలో తోకో ఉడకబెట్టి దానికి వేసేది. అంతకు నాలుగేళ్ళ ముందు కుక్కల ఆపరేషన్లు చేసేవాళ్ళు వచ్చి భూలిని పట్టుకెళ్ళారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, ఎడమ చెవి కొన కత్తిరించి, తెచ్చి వదిలారు. ఆ చెవిని చూసుకుని మేమంతా ధీమాగా ఉండేవాళ్ళం. లైన్లోకి కొత్తగా వచ్చినవాళ్ళు భయపడితే నేనే ఆ చెవి చూపించి, "దీనికి ఇంజెక్షన్లన్నీ అయిపోయాయి" అని చెప్పేదాన్ని.

ఆ రోజు భూలి నోరు కొంచెం తెరుచుకునే ఉంది. కింది దవడ వేలాడుతోంది. చొంగ తీగలు తీగలుగా కారుతోంది. గొంతులో ఏదో అడ్డం పడినట్టు మెడ సాగదీసి అటూ ఇటూ తిప్పుతోంది. అరవబోతే గొంతు బొంగురుగా వచ్చింది.

బౌది తలుపు దగ్గర నిలబడి నోరు నొక్కుకుంది. "ఓ మా! గొంతులో ముల్లు దిగింది ఈశ్వరీ. నిన్న కాట్లా చేప తల వేశాను. పాపం నాదే!"

నాకు జాలేసింది. మెట్ల కింద చతికిలబడి దాని తల ఒళ్ళో పెట్టుకున్నాను. కరవలేదు, గుర్రుమనలేదు. రెండు వేళ్ళు లోపలికి పెట్టి నాలుక కింద, దవడ పక్కన వెతికాను. ముల్లు దొరకలేదు. చెయ్యి తీస్తుంటే కింది పన్ను చూపుడువేలికి గీసుకుంది. ఆవగింజంత రక్తం. కుళాయి కింద చెయ్యి పెట్టి, పసుపు అద్ది, గుడ్డపేలిక చుట్టాను. మా ఆయన యార్డులో డ్యూటీ దిగి వచ్చి, "ఏలికి ఏటైనాది?" అని అడిగాడు. "కత్తిపీట" అన్నాను. కుక్క నోట్లో చెయ్యి పెట్టానంటే తిడతాడని అంత అబద్ధం చెప్పాను.

సోమవారం పొద్దున భూలి లేవలేకపోయింది. వెనక కాళ్ళు చచ్చుబడి, ముందుకాళ్ళతో దేకుతోంది. బౌది భర్త తనకు తెలిసిన కుక్కల డాక్టరును పిలుచుకొచ్చాడు. ఆయన ఐదడుగుల దూరంలోనే ఆగిపోయి, పిల్లలందరినీ ఇళ్ళలోకి పంపేశాడు.

"డంబ్ రేబిస్‌లా ఉంది" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. "పిచ్చెక్కితే అరవాలి, కరవాలి కదా బాబూ! ఇది నోరే మూయలేకపోతోంది."

"కరిచే రకం ఒకటి, ఇలా పడిపోయే రకం ఒకటి. ఈ రెండో రకాన్ని చూసే అందరూ గొంతులో ముల్లు ఉందనుకుంటారు. నోట్లో చెయ్యి పెడతారు. ఇక్కడ ఎవరైనా పెట్టారా?"

నా చెయ్యి దానంతట అదే కొంగు కిందికి పోయింది.

"నాలుగేళ్ళ కిందటే చెవి కోశారు కదా డాక్టర్‌బాబూ?" అని బౌది సన్నగా అడిగింది.

"అది ఆపరేషన్ అయిందనడానికి గుర్తు. ఆ రోజు యాంటీ రేబిస్ ఒకటి వేసి ఉంటారు. తర్వాత ఏటా బూస్టర్ వెయ్యాలి. ఈ నాలుగేళ్ళలో ఎవరు వేయించారు?"

బౌది నన్ను చూసింది. నేను బౌదిని చూశాను. ఎవరూ వేయించలేదు.

"చెయ్యి చూపించు ఈశ్వరీ" అంది బౌది.

"నీకెందుకు?" అని అరిచాను. ఆవిడ మీద నేను అరవడం అదే మొదటిసారి. మా ఆయన వచ్చి కొంగు తీసి, పేలిక విప్పాడు. పసుపు ఎండి వేలికి అట్టకట్టి ఉంది.

బస్సెక్కి నది మీది పెద్ద వంతెన దాటి అవతలి ఒడ్డున గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్ళాం. సగం దారిలో ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఎందుకు సెప్పకపోనావే?" అన్నాడు.

"తిడతావని."

"తిట్టకుండా ఎప్పుడైనా ఒగ్గీసినానేటి? నా తిట్లకి ఎవులైనా సచ్చిపోనారా ఇన్నాళ్ళూ?"

నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. ఆయన జేబురుమాలు నా ఒళ్ళో పడేశాడు.

డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. వేలు చూసి "కేటగిరీ త్రీ" అని రాసింది, అన్నిటికన్నా ప్రమాదమైన రకమట. "సబ్బుతో కడిగారా?" అని అడిగింది. నీళ్ళతో కడిగి పసుపు పెట్టానన్నాను. నన్ను కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి, సబ్బుతో పదిహేను నిమిషాలు తానే నిలబడి కడిగించింది. ఇమ్యూనోగ్లోబ్యులిన్ అని ఒక మందు ఆ వేలు చుట్టూ గుచ్చారు. వేలి కొనలో సూది తిరుగుతుంటే నా ఇద్దరు బిడ్డల పురుళ్ళూ ఒక్కసారి గుర్తొచ్చాయి. తర్వాత రెండు భుజాలకు వ్యాక్సిన్ వేశారు.

"రెండు రోజులు పోగొట్టుకున్నారు" అంది డాక్టరమ్మ.

"నాకేం కాదు కదా అమ్మా?"

"లక్షణం మొదలైతే మా దగ్గర మందు లేదు. మొదలవ్వకముందు ఇచ్చేదే ఇది. జీరో, త్రీ, సెవెన్, ట్వెంటీ ఎయిట్, ఈ రోజుల్లో వచ్చి వేయించుకోవాలి. ఒక్క డేట్ తప్పినా ఊరుకోను."

మా చిన్నది లిల్లీని, బౌదిని కూడా తీసుకురమ్మంది. ఇద్దరినీ ఈమధ్య భూలి నాకిందని చెప్పాను మరి. వాళ్ళకూ వ్యాక్సిన్ వేశారు. మంగళవారం పొద్దున భూలి చనిపోయింది. మందపాటి చేతితొడుగులు వేసుకున్నవాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. శుక్రవారం కుక్కల డాక్టరు ఫోన్ చేసి, తలలోంచి తీసిన శాంపిల్ పాజిటివ్ అని చెప్పాడు. అంతవరకు నా మనసులో ఒక మూల చేపముల్లేనేమో అన్న ఆశ ఉండేది. ఆ ఫోన్‌తో అదీ పోయింది.

రెండో ఇంజెక్షన్ రోజు క్యూలో ఒకావిడ, కరిచిన చోట మొదట చీమలు పాకినట్టు ఉంటుందని ఎవరికో చెబుతుంటే విన్నాను. శనివారానికి నా వేలు చిమచిమలాడటం మొదలైంది. ఒళ్ళు వెచ్చబడింది. నాకు ముంచుకొచ్చేసిందనే అనుకున్నాను. ఆ జబ్బు వస్తే నీళ్ళు చూసి భయపడతారని చిన్నప్పుడు మా ఊళ్ళో విన్నమాట. అందుకని గంటకోసారి గ్లాసుడు నీళ్ళు తాగి చూసుకునేదాన్ని. గుటక దిగితే ఇంకో గంట ఉన్నట్టు.

లిల్లీ చూస్తూనే ఉంది. "అమ్మా, ఎన్నిసార్లు తాగుతావే?"

"ఎండగా ఉంది పాపా."

"వాన పడతంది కదే!"

ఆ పిల్లకు అన్నం కలిపి పెట్టడం మానేశాను. నా కంచం, గ్లాసు వేరు చేసుకున్నాను. మా ఆయన కలిపి పెడితే మూతి తిప్పేసింది. "మీ యమ్మ కన్నా నాను బాగా కలిపినాను, తిని సూడవే గుంటా" అని ఆయన బతిమాలుతుంటే నేను వంటింట్లో గోడ వైపు తిరిగి నిలబడ్డాను. రేపు నేను లేకపోతే ఇంతే కదా, ఇలాగే అలవాటు పడుతుంది కదా అనిపించింది.

బౌది వచ్చి నా గ్లాసు, కంచం చూసింది. చెప్పులేసుకుని వచ్చి, "పద" అంది. ఆ రోజు నా తారీఖు కాదన్నా వినలేదు. బస్సులో నా చెయ్యి వదల్లేదు.

ఆసుపత్రిలో నీళ్ళ సంగతి, కంచాల సంగతి, లిల్లీ అన్నం సంగతి అన్నీ చెప్పేశాను. డాక్టరమ్మ వేలు నొక్కి చూసింది. "మందు గుచ్చిన చోట వాపు ఉంది, చిమచిమ దానిదే అనుకుంటున్నాను. జ్వరం వ్యాక్సిన్ వల్ల కూడా వస్తుంది" అని ఒక నీళ్ళ సీసా ఇచ్చింది. గటగటా తాగేశాను.

"అయితే నాకు రాదా అమ్మా?"

"రాదని సంతకం పెట్టలేను. కానీ కోర్సు పూర్తిచేసినవాళ్ళకు రావడం నేను ఇంతవరకు చూడలేదు. పిల్లకు అన్నం కలిపి పెట్టండి, దానివల్ల ఏమీ కాదు. కంచాలు వేరు చెయ్యకండి, మీ మనసు పాడవుతుంది."

ఆ రాత్రి లిల్లీకి పప్పన్నం కలిపాను. రెండు ముద్దలు తిని, "ఉప్పు నేదే" అంది.

ఇరవై ఎనిమిదో రోజు సూది కూడా అయింది. భయం మాత్రం సూదులతో పోలేదు. ఆర్నెల్లపాటు గొంతు నొప్పి వచ్చినా, మెడ పట్టినా అదే మొదలైందనుకునేదాన్ని. ఇప్పటికి ఏడాదిన్నర దాటింది. నేను బాగున్నాను. లైన్లో ఇప్పుడు రెండు కుక్కలున్నాయి. ఒకదాని బూస్టర్ బాధ్యత బౌదిది, రెండోదానిది మాది. కార్డులు రెండూ బౌది ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంటాయి. అందరిదీ అనుకుంటే ఎవరిదీ కాదని మాకు తెలిసొచ్చింది.

పోయిన నెల వెనక బ్లాకులోకి కొత్తగా వచ్చిన మన శ్రీకాకుళం అమ్మాయి కుళాయి దగ్గర చెయ్యి చాటుచేసుకోవడం చూశాను. "ఏటీ నేదక్కా, కుక్కపిల్ల గోరు గీసుకుంది, అంతే. మావోడికి సెప్పకు" అంది. నా కథ చెబుతూ కూర్చోలేదు. ఆ చెయ్యి కుళాయి కింద పెట్టి, సబ్బు పట్టించి, ఫోన్లో టైము పెట్టాను. ఐదు నిమిషాలకే "సాలక్కా" అంది. సాలదన్నాను. బస్సెక్కాక, "నొప్పెడతాదా అక్కా?" అని అడిగింది. నొప్పెడతాదనే చెప్పాను.

మీకు చెప్పేది ఒక్కటే. కుక్క పన్ను గాని గోరు గాని గీసుకుంటే పసుపు, సున్నం, కారం ఏదీ పెట్టకండి. పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. కడిగేటప్పుడు పక్కన ఒక మనిషిని నిలబెట్టుకోండి. ఒక్కరే ఉంటే, చిన్నదే కదా, చాల్లే అనిపిస్తుంది. నాకు అలాగే అనిపించింది.