నిండుకున్న ఊదలు

విరుదునగర్‌లో మా సేంద్రియ రైతుల సంఘం మీటింగుల్లో అందరికంటే గట్టిగా అరిచేది నేనే. కంపెనీ విత్తనం వద్దు, మందులు వద్దు, మన తిండి మన గింజతోనే అని బల్ల గుద్దేదాన్ని. కోవిల్‌పట్టి పక్కన మా ఊళ్ళో చూస్తే మా నాయన నల్లరేగడి చేను నిండా ఏటా మొక్కజొన్నే! పోయిన ఐప్పసిలో, అంటే దీపావళి నెలలో, మొదటి వాన పడగానే ఈసారి ఊదలు వేద్దామని నేను పోరుతుంటే ఆయన తేల్చేశాడు.

"తడి ఆరేలోగా నీ ఊదల విత్తనం తే. తేకుంటే మక్కచోళమే. అప్పురం, విత్తేసినాక, నాతో వాదించగూడదు."

ఊదలంటే తమిళులు కుదిరైవాలి అనే చిరుధాన్యం. అంగట్లో దొరికేది పొట్టు తీసిన బియ్యం, అది మొలవదు. ఎట్టయాపురం దగ్గర పల్లెలో ఉన్న మేనత్తకు ఫోన్ చేశాను.

"అత్తా, ఊదల విత్తనం ఉండాదా?"

"నిండుకున్నాయి కదే!"

ఎగిరి గంతేశాను. కుండ నిండా ఉన్నాయట! గడప దాటితే తమిళమే మాట్లాడుతూ పెరిగినదాన్ని, నా తెలుగు అంతే మరి. ఖాళీ గోతాలు చంకన పెట్టుకుని కోవిల్‌పట్టిలో బస్సెక్కాను.

అత్త గోతాలు చూసి నోరు వెళ్ళబెట్టింది. కుండ మూత తీసి చూపించింది. అడుగున ఒక్క గింజ లేదు.

"గింజ అయిపోయిందని నోటితో అంటారా, పిచ్చిదానా! నిండుకునిందనేది అందుకే!" అని పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. బయట ఎండ కాస్తోంది, అక్కడ చేను ఆరిపోతోంది.

"ఏడవద్దులే. పోయినేడు ఈ వీధి ఆడోళ్ళకంతా పంచేసినా. రా!" అంటూ ఇంటింటికీ లాక్కెళ్ళింది. ప్రతి గడపలోనూ నా తెలివి గురించి చెప్పడం, వాళ్ళు పడీపడీ నవ్వడం, చేటతో ఇంత పోయడం. నవ్వనీ! గోతం మూతి కట్టడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది. అబ్బ, ఆ బరువు మోస్తుంటే ఎంత సంతోషమో!

చేనుగట్టున నాయన పిడికెడు తీసి, ఊది, పంటికింద కొరికి చూశాడు.

"ఎవురిచ్చినారు?"

"అత్త వీధి వీధంతా, నాయనా. పంటయినాక కొంచెం ఎక్కువగానే తిరిగియ్యాలంట."

ఆయన మొహం మారిపోయింది. కంపెనీ విత్తనం మొలవకపోతే కొట్టువాణ్ణి తిట్టి ఊరుకునే మనిషి. ఇప్పుడు తిట్టడానికి ఎవరూ లేరు.

"ఒగ గింజ పిట్ట నోట్లో పడగూడదు! ఆయమ్మల మొహం నేనెట్ట జూసేది?" అని తలగుడ్డ బిగించాడు. "కోతదాకా విరుదునగరూ లేదు, మీటింగూ లేదు. కావలి నువ్వే!"