విన్నీ మామ్మ కారుకు పూసిన బురద

హాలిఫాక్స్‌లో విన్నీ మామ్మ కబుర్లకు జడిసి పోస్ట్‌మాన్ కూడా చప్పుడు చెయ్యకుండా జారుకునేవాడు. ఆ ఊళ్ళో ఆమె మాటకు బదులు చెప్పనివాడు ఒక్కడే, కార్లు కడిగే షెడ్డులో పనిచేసే డోరు అనే కుర్రాడు. ఆమె పలకరించినప్పుడల్లా అతను బెదురుగా షెడ్డు ఓనరు మొహం చూసేవాడు.

"వాడికి భాష రాదులే మామ్మా," అనేవాడు ఓనరు.

"మా పిల్లికీ రాదు. అయినా పిలిస్తే పలుకుతుంది!" అనేది ఆమె.

గడ్డకట్టే చలిలో డోరు చేతులు పగిలి నెత్తురు కారడం చూశాక ఆమెకు అనుమానం వచ్చింది. అప్పటినుంచి తన కారుకు తనే బురద పూసుకుని రోజూ కడిగించడానికి అక్కడికి వెళ్ళసాగింది. ఒకరోజు ఓనరు ఫోనులో పడి అటు తిరగగానే అద్దం దించి, "ఎక్కడ పడుకుంటావు నాయనా?" అని గుసగుసగా అడిగింది.

డోరు షెడ్డు వెనకున్న ఇనప కంటైనర్ చూపించాడు. "బయట తాళం. పాస్‌పోర్టు ఆయన దగ్గర," అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో.

మామ్మ ఇంటికెళ్ళి పోలీసులకు ఫోను చేసింది. "మీరు బయల్దేరేదాకా నేను ఫోను పెట్టను. నా సంగతి మీకు తెలీదు!"

ఆ రాత్రే వాళ్ళు వచ్చి కంటైనర్ తాళం పగలగొట్టారు. డోరు, మరో ముగ్గురు బయటపడ్డారు. ఓనరు పోలీసు వ్యానెక్కాడు.

ఇప్పుడు డోరు ఒక బేకరీలో పనిచేస్తున్నాడు. మొన్న ఆదివారం మామ్మ ఇంట్లో టీ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఇది టీనా మామ్మా? మా ఊళ్ళో ఇలాంటి నీళ్ళతో అంట్లు తోముతారు!"

మామ్మ పొంగిపోయి అతని పళ్ళెంలో ఇంకో కేకు ముక్క వేసింది.