తెరకి రెండో వైపు

ఆ మంగళవారం సాయంత్రం నాలుగూ ఇరవైకి నేను గవర్నర్‌పేటలో ఒక జిరాక్స్ షాపు ముందు నిలబడి ఉన్నాను. శనివారం ప్రదర్శనలో చదవాల్సిన వ్యాఖ్యానం పదకొండు పేజీలు, అక్షరాలు పెద్దవి చేసి తీయమని ఇచ్చాను. సుభానీ గారికి ఈమధ్య మామూలు అక్షరాలు ఆనడం లేదు. ఏడో పేజీ మిషన్లోంచి బయటికి వస్తుండగా ఫోన్ మోగింది. ఆయన కూతురు షమీమ్.

"అంకుల్, నాన్న పోయారు. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నారు. అసర్ నమాజుకి లేపితే లేవలేదు" అంది.

షాపతను "మిగతా పేజీలు తియ్యమంటారా సార్?" అని అడిగాడు. తియ్యమన్నాను. ఎందుకు తియ్యమన్నానో ఇప్పటికీ తెలియదు.

షేక్ సుభానీ గారి పేరు ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది విని ఉండకపోవచ్చు. మైలవరం చుట్టుపక్కల ఊళ్ళలో, కాలవ గట్ల మీది ఊళ్ళలో 'తెర సాయిబు గారు' అంటే తెలుస్తుంది. ఆయన వన్ టౌన్‌లో పుట్టారు, వన్ టౌన్‌లోనే పోయారు. డెబ్బై ఒక్క ఏళ్ళు. అందులో ముప్పై ఏళ్ళు ఒక సినిమా హాల్లో ఆపరేటరు. ఆ హాలు మూతబడి గోడౌన్ అయింది. ఆ తర్వాత పదకొండేళ్ళు ఒక పాత ప్రొజెక్టరు, ఒక గుడ్డ తెర, ఒక మైకు వేసుకుని ఊళ్ళు తిరిగారు. చూపించినవి అన్నీ ఒక రకం బొమ్మలే. రంగును బట్టి మనిషిని పక్కన పెట్టిన దేశాల గురించి, పక్కన పెట్టించుకున్నవాళ్ళు తిరగబడడం గురించి తీసిన డాక్యుమెంటరీలు. ఆ ఇంగ్లీషు బొమ్మలకి తెలుగులో వ్యాఖ్యానం రాయడం నా పని. చదవడం ఆయన పని.

మా పరిచయం మా కాలేజీలో జరిగింది. నేను ఇంగ్లీషు పాఠం చెప్పేవాణ్ణి. పిల్లలకి దక్షిణాఫ్రికా వర్ణవివక్ష మీద ఒక డాక్యుమెంటరీ వేయాలని, ప్రొజెక్టరు నడపడానికి ఆయన్ని పిలిపించాం. అందులో పార్కులో ఒక బల్ల పదే పదే కనబడుతుంది. అందరూ వెళ్ళిపోయాక వైర్లు చుడుతూ అడిగారు.

"మాస్టారూ, ఆ బల్ల మీద ఏం రాసుంది?"

"తెల్లవాళ్ళు మాత్రమే కూర్చోవాలని."

"అంతేనా?"

"అంతే."

"అది అర్థంకాక నాకు బొమ్మంతా పోయింది చూడండి. ఆ ఒక్క ముక్కా తెలుగులో చెబితే పల్లెటూళ్ళో ముసలమ్మకి కూడా ఎక్కుతుంది. ఆవిడకి మీరు విడమర్చి పాఠం చెప్పక్కర్లేదు."

"ఎవరు చెబుతారండీ?"

"మీరు రాయండి, నేను చదువుతాను. మీరు చదవొద్దు. మీ గొంతు మూడో బెంచీ దాటడం లేదు, ఇందాక విన్నాగా."

అలా మొదలైంది. ఆయన చదివే తీరు గురించి ఒక మాట చెప్పాలి. బొమ్మలో మనిషిని కొడుతున్నా, తల్లి ఏడుస్తున్నా ఆయన గొంతు మారేది కాదు. రైల్వే స్టేషన్‌లో బండి వేళలు చెప్పినట్టు చదివేవారు. ఒకసారి నేను ఉత్సాహంలో 'ఒక జాతి కన్నీటి చారికలు' అని రాశాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని, "ఇది బొమ్మలో ఎక్కడుంది మాస్టారూ?" అన్నారు. ఎక్కడా లేదన్నాను. "అయితే తీసేద్దాం. ఏడుపు వాళ్ళది. మనం మధ్యలో దూరొద్దు" అన్నారు. ఆయన పోయిన వారానికి జరిగిన సంతాప సభలో ఒక పెద్దమనిషి ఆయన్ని చీకటిలో వెలిగిన దీపం అన్నారు. సుభానీ గారు ఆపరేటరు. వెలుగుతో ఆయనకున్న సంబంధం, బల్బు మాడిపోతే మార్చడం వరకే.

ఇక తెర సంగతి. పల్చటి తెల్ల నూలు బట్ట, నాలుగు ముక్కలు అతికి కుట్టించింది. ఊరి మధ్య రోడ్డుకి అడ్డంగా రెండు గుంజలు పాతి దాన్ని కట్టేవారు. చీకటి పడ్డాక, బొమ్మ మొదలయ్యే ముందు చెంబుతో నీళ్ళు చిలకరించేవారు. తడిసిన గుడ్డలోంచి వెలుతురు అవతలికి పోతుంది. అప్పుడు ముందు కూర్చున్నవాళ్ళకి బొమ్మ కనబడుతుంది, వెనక కూర్చున్నవాళ్ళకీ కనబడుతుంది. కాకపోతే వెనకవాళ్ళకి కుడి ఎడమవుతుంది. హాలు ఆపరేటరుగా ఆయనకి అది గొప్ప సంతోషం. "ఒక బొమ్మ, రెండు హాళ్ళు" అనేవారు. ఏడేళ్ళు అలాగే నడిచింది.

మైలవరం దాటాక ఒక ఊరుంది. పేరు రాయను. రోడ్డుకి ఇటు చివర ఊరు, అటు చివర దళితుల పేట. ఒక సాయంత్రం అక్కడ వేసింది అమెరికాలో బస్సుల గురించిన బొమ్మ. నల్లవాళ్ళు వెనక సీట్లలోనే కూర్చోవాలని ఒకప్పుడు అక్కడున్న కట్టుబాటు గురించి, ఇక అక్కడ కూర్చోం అన్నవాళ్ళ గురించి. బొమ్మ అయిపోయాక సుభానీ గారు అలవాటు ప్రకారం మైకులో, "ఎవరైనా ఏదైనా అడగదలుచుకుంటే అడగండి" అన్నారు. సాధారణంగా ఎవరూ అడగరు. ఆ రోజు తెర చాటు నుంచి ఒకావిడ ముందుకొచ్చింది. తర్వాత పేరు తెలిసింది, మరియమ్మ. అరవై దాటి ఉంటుంది.

"సాయిబు గారూ, అది మన బస్సేనా?" అంది.

"కాదమ్మా. అమెరికాది."

"మరి డ్రైవరు మన బస్సులో లాగానే కుడిపక్క కూచున్నాడే?"

ముందున్నవాళ్ళు నవ్వారు. ఎవరో, "ఎడమపక్క కూచున్నాడే ముసలీ, కళ్ళద్దాలు పెట్టించుకో" అన్నారు.

"మీవైపు ఎటు కూచున్నాడో నాకేం తెలుసు? మావైపు కుడిపక్కే కూచున్నాడు" అంది మరియమ్మ. తర్వాత సుభానీ గారి వైపు తిరిగింది. "ఆళ్ళని ఎనకాల కూచోబెట్టారని ఇంతసేపూ చదివారు కదయ్యా. మేం ఎక్కడ కూచుని ఇన్నామో చూశారా?"

ఆయన చూడలేదు. ప్రొజెక్టరు పక్కన కూర్చున్నవాడికి తెర వెనక కనబడదు. వెనక ఉన్నది చోటు చాలక అటు వెళ్ళినవాళ్ళేనని ఆయన అనుకుంటున్నారు, ఏడేళ్ళుగా. మైకు కట్టేశారు. సామాను సర్దారు. తిరిగి వస్తుంటే ఆటోలో అడిగారు.

"మీకు తెలుసా మాస్టారూ?"

"ఏమిటి?"

"అటుపక్క ఎవరు కూచుంటున్నారో."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటి ఊరి నుంచి."

నేను డెల్టాలో భూమి ఉన్న కుటుంబంలో పుట్టినవాణ్ణి. ఏ ఊళ్ళో ఎవరు ఎటు కూర్చుంటారో చూడకుండానే తెలుస్తుంది. పైగా బొమ్మ మధ్యలో కాళ్ళు పట్టేసి లేచి తెర వెనక్కి నడిచిన రోజులు చాలా ఉన్నాయి. అక్కడ వాళ్ళు తిరగబడిన అక్షరాల కింద కూర్చుని శ్రద్ధగా వింటుండేవాళ్ళు. అందరూ చూస్తున్నారు కదా, చాలు అనుకున్నాను.

"మరి నాకు చెప్పలేదేం?" అన్నారు. ఆయన మళ్ళీ అడగలేదు.

రెండు శనివారాలు ఫోన్ చేయలేదు. మూడో శనివారం తెర చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. దాని వెనక నల్లగుడ్డ వేసి కుట్టించారు. "హాళ్ళలో తెర వెనక నలుపే ఉంటుంది. ముప్పై ఏళ్ళు చూసి కూడా నాకు బుర్రలోకి రాలేదు. ఇక ఒకే హాలు మాస్టారూ" అన్నారు.

ఆ తర్వాత నాలుగేళ్ళు మేము జనాన్ని పోగొట్టుకుంటూ తిరిగాం. ఒక వైపే కూర్చోవాలంటే కొన్ని ఊళ్ళలో ఊరివాళ్ళు రాలేదు. కొన్నిచోట్ల పేటవాళ్ళే రాలేదు, రేపు పనుల్లోకి పిలవరేమోనని. ఆయన మైకులో, "ఈ తెరకి వెనక లేదండీ, ముందే ఉంది. దయచేసి ముందుకు రండి" అని చెప్పి పది నిమిషాలు ఆగేవారు. ఎనిమిది మందికి వేసిన రోజులున్నాయి. ఒక ఊళ్ళో పెద్దాయన ఒకరు వచ్చి, "ఏవండీ సాయిబు గారూ, మీ బొమ్మ కోసం మా ఊళ్ళో లేనిపోని తగువులెందుకు?" అన్నారు. "తగువు నేను తేలేదండీ. గుడ్డ తెచ్చానంతే" అన్నారు సుభానీ గారు. ఆ ఊళ్ళో ఆ రోజు బొమ్మ పడలేదు. గుంజలు పీకుతూ నాతో, "ఎనిమిది మంది వచ్చినా మనం చదివింది అబద్ధం కాకూడదు" అన్నారు.

మరియమ్మ ఊరికి మళ్ళీ వెళ్ళాలని ఆయన పట్టు. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ చోటు ఇవ్వలేదు. ఈ ఏడు ఆ ఊరి బడికి కొత్త హెడ్మిస్ట్రెస్ వచ్చింది. బడి ఆవరణలో వేసుకోండి అంది. ఆ కబురు వచ్చిన రోజే సుభానీ గారు ఒక నిర్ణయానికి వచ్చారు. "ఊళ్ళు తిరిగింది చాలు మాస్టారూ. నా గుండె సంగతి డాక్టరు చెప్పాడు, మీకు తర్వాత చెబుతాను. ఉన్నన్నాళ్ళు ఈ ఒక్క ఊరికే వెళ్దాం. ఆ రెండు వైపులవాళ్ళూ ఒక వైపు కూచునేదాకా." డాక్టరు ఏం చెప్పాడో ఆయన నాకు ఎప్పుడూ చెప్పలేదు.

మొదటి శనివారం పేట నుంచి పద్నాలుగు మంది, ఊరి నుంచి తొమ్మిది మంది వచ్చారు. ఒకే వైపు కూర్చున్నారు గాని మధ్యలో ఎడ్లబండి పట్టేంత నేల ఖాళీగా వదిలారు. సుభానీ గారు దాన్ని కాసేపు చూసి, మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, "మాస్టారూ, వెళ్ళి అక్కడ కూచోండి" అన్నారు. పదకొండేళ్ళలో నేను ఎప్పుడూ జనంలో కూర్చోలేదు. ప్రొజెక్టరు పక్కన నిలబడేవాణ్ణి. వెళ్ళి కూర్చున్నాను. మరియమ్మ పక్కకి తిరిగి చూసింది.

"ఏం బాబుగారూ, కాళ్ళు నొప్పులా? ఇన్నాళ్ళకి కూచున్నారు."

"అవునమ్మా."

"చాప మీదకి రండి. నేల చెమ్మగా ఉంది."

వేసింది పాత బస్సు బొమ్మే. డ్రైవరు కనబడగానే ఆవిడ, "అదేంటి, ఇటొచ్చాడు?" అంది. వాళ్ళ దేశంలో అటే కూర్చుంటారని చెప్పాను. "ఇన్నాళ్ళూ మనదనుకున్నానే" అంది. మళ్ళీ తనే, "పోనీలే, మనదే" అంది.

ఆరు శనివారాలు వెళ్ళాం. రెండో వారం ఊరివైపు నుంచి ఒక రైతు భార్య వచ్చి, మరియమ్మతో వరి కోతల సంగతి ఏదో మాట్లాడుతూ అక్కడే కూర్చుండిపోయింది. నాలుగో వారానికి మధ్యలో ఉన్న ఖాళీ నడిచే దారంత అయింది. ఆరో వారం నేను కూర్చోవడానికి చోటు లేక నిలబడ్డాను. సుభానీ గారు అది చూసి చదువుతున్నది ఆపి, నీళ్ళు తాగి, మళ్ళీ అదే గొంతుతో చదివారు. ఆ తర్వాత వచ్చిన మంగళవారం ఆయన పోయారు.

జనాజా మోసుకెళ్తుంటే నేను వెనకగా నడిచాను. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు చెయ్యి ఎత్తాలో పక్కవాళ్ళని చూసి చేశాను. మూడు పిడికిళ్ళ మట్టి వేశాను. అక్కడ నాకు తెలిసిన మనిషి ఆయనొక్కరే.

శనివారం బస్సెక్కి ఆ ఊరు వెళ్ళాను. ఆయన పోయారని చెప్పడానికి ఇంకెవరూ లేరు. జనం వచ్చి ఉన్నారు. చెప్పాను. నా మాట వెనకవాళ్ళకి వినబడకపోతే ముందువాళ్ళు తిరిగి వాళ్ళకి చెప్పారు. మరియమ్మ చాప చుట్టుకుంది. అటువాళ్ళు అటు, ఇటువాళ్ళు ఇటు వెళ్ళారు.

షమీమ్ ప్రొజెక్టరూ తెరా నాకే ఇచ్చింది. నాకు ప్రొజెక్టరు నడపడం రాదు. ఇంట్లో తలుపేసుకుని వ్యాఖ్యానం పైకి చదివి చూశాను. నా గొంతు ఇప్పుడు గది గుమ్మం దాకా కూడా పోవడం లేదు. నడపగలవాళ్ళని ముగ్గుర్ని అడిగాను. ఇద్దరికి తీరిక లేదు. మూడో అతను మంచివాడే, "ఈ రోజుల్లో తెరలెందుకు సార్, లింకు పంపించండి, ఎవరి ఫోన్లో వాళ్ళు చూసుకుంటారు" అన్నాడు. హెడ్మిస్ట్రెస్ గారికి పంపాను. ఆవిడ ఊరందరికీ పంపింది. చాలామంది చూశారట, బాగుందన్నారట.

ఇటువంటి మనిషి మళ్ళీ పుట్టడని రాయడం ఆనవాయితీ. నాకు ఆ సంగతి తెలియదు. నేను చెప్పకుండా దాచిన తప్పుని తనదిగా ఒప్పుకుని నాలుగేళ్ళు దిద్దినవాడు నాకు మాత్రం ఇంకొకరు దొరకరు. ఆయనకి నా నమస్కారం.

ఆ బడి ఆవరణలో ఊరివాళ్ళూ పేటవాళ్ళూ ఇప్పుడు ఒకచోట కూర్చోవడం లేదు.