చప్పుడు చేయని ఫ్యాన్

ఏండ్లకేండ్లు కామత్‌ఘర్‌ బస్తీల మగ్గాల చప్పుడు నడుమ ఉన్నోళ్లం. అంజూర్ ఫాటా కాడ కొత్త బిల్డింగుల నేను, నా పాత పక్కింటి అక్క మళ్ల పక్కపక్కనే ఇండ్లు తీసుకున్నం. ఇక్కడ ఒక్క మగ్గం చప్పుడు వినపడదు. ఇద్దరం ఒక్కటే కంపెనీ ఫ్యాన్లు కొన్నం. నాది మొదటి సంది కటకట కొట్టుకుంటది, గాలి మాత్రం రాదు. కంపెనీకి ఫోన్ జేసి ఎంతో మర్యాదగ చెప్పిన, మస్తు సార్లు చెప్పిన. ఒక్కడు రాలే.

అక్క ఏం జేసిందో ఎరికేనా? "మీ ఫ్యాన్ చప్పుడు జేస్తలేదు. మగ్గాల పక్కన పండుకున్నోళ్లం, గింత నిమ్మలంల మా ఆయనకు నిద్ర పడుతలేదు" అని ఫోన్ జేసింది. పక్కన కూసొని నేను నవ్వాపుకున్న.

నాలుగొద్దులు తిరగకముందే కంపెనీ సాబులు ఇద్దరు వచ్చిన్రు. అక్క పోసిన చాయ్ తాగిన్రు, అడ్వటైజ్‌మెంట్ల ఏస్తమని ఆమెతోని ఫోటో దిగిన్రు, గుర్రుమని మోగే పెద్ద కూలర్ ఊకెనే ఇచ్చి పోయిన్రు. నా ఫ్యాన్ సంగతి అడుగుదామని దర్వాజ కాడ నిలబడ్డ. నా దిక్కు చూడనే లేదు. నా కడుపు మండిపోయింది.

అక్క మనసు మంచిది. అది ఇంకింత మంట. "నీది పాడైంది గదనే, ఇది పెట్టుకో" అని తన ఫ్యాన్ నాకిచ్చింది. గాలి మస్తుగొస్తది. చప్పుడు అస్సలు లేదు.

అది పెట్టిన కాన్నుంచి నాకు కన్ను అంటుకుంటలేదు. చాపను నడుమ గోడకు జరుపుకొని, అవతల మోగే ఆమె కూలర్ వినుకుంట పండుకుంటున్న. ఈ మాట అక్కకు చచ్చినా చెప్ప.