గ్రహణం పూట ఫర్మ్‌వేర్

ఐదో నెలలో డాక్టరమ్మ నన్ను మంచం దిగొద్దంది. "ఎడమ పక్కకి తిరిగి పడుకో. బాత్రూమ్‌కి తప్ప లేవకు" అని చెప్పి, నేను ఏదో అడగబోయేలోపే తర్వాతి పేషంటుని పిలిచింది. అంతకుముందు ఏడాది ఒకటి మూడో నెలలోనే పోయింది. ఈసారి మళ్లీ మరక కనిపించింది. అందుకని మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లు కాదు. పేరు గురించి గానీ, ఉయ్యాల గురించి గానీ ఒక్క మాట ఎత్తేవాళ్లు కాదు. ఆ గుసగుసలు వింటే నాకు ఒళ్లు మండేది. భయమూ వేసేది.

మా ఫ్లాటు తార్నాకలో, రెండో అంతస్తు. కిటికీలోంచి యూనివర్సిటీ చెట్ల తలలు కనిపిస్తాయి. ఆ చెట్ల వెనకాలే నేను పీహెచ్‌డీ చేస్తున్న ఎలక్ట్రానిక్స్ ల్యాబ్. రోజూ నడిచి వెళ్లే దారిని పడుకుని చూడాల్సి వచ్చింది. మా ఆయన పొద్దున్నే ఊరికి ఆ చివరనున్న ఆఫీసుకి పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు. నన్ను చూసుకోవడానికి అత్తమ్మ భీమవరం దగ్గర వాళ్ల ఊరి నుంచి వచ్చింది. మాది జనగామ వైపు పల్లె, చర్చికి పోయే కుటుంబం. మా ఆయనా నేనూ క్యాంపస్‌లో కలిసి చదువుకుని పెళ్లి చేసుకున్నవాళ్లం. అత్తమ్మకీ నాకూ భాష దగ్గర్నుంచి పచ్చడి దాకా అన్నీ వేరే. అయినా ఆమె నా పాదాలు ఒత్తుతానంటే నేను వద్దనడం, నేను వద్దన్నా ఆమె ఒత్తడం రోజూ జరిగేది.

పడుకుని ఏం చేయాలి? పుస్తకం పట్టుకుంటే చెయ్యి లాగేది. ఫోన్ తెరిస్తే గర్భం గురించిన వీడియోలే వచ్చి పడేవి. ఒక్కోటీ ఒక్కో కొత్త భయం పెట్టేది. అప్పుడు అల్మారాలో మా ఆయన పెళ్లికి ముందు కొనుక్కున్న గేమ్ కన్సోల్ గుర్తొచ్చింది. మధ్యలో తెర, అటూ ఇటూ బటన్లు. రెండు చేతులతో పట్టుకుని ఆడాలి. ఎడమ పక్కకి పడుకున్నదాన్ని, కింది చెయ్యి నలిగిపోయేది. పైగా తల పక్కకి వాలి ఉండటంతో తెర మీద బొమ్మలన్నీ గోడ మీద నడుస్తున్నట్టు కనిపించేవి. తెరను అడ్డం నుంచి నిలువుకి తిప్పి, బటన్ల పనంతా కుడిచేతి వైపు పెట్టుకుంటే హాయిగా ఆడొచ్చు. కానీ కంపెనీవాళ్లు లోపల పెట్టి పంపిన మూల ప్రోగ్రాం అందుకు ఒప్పుకోదు. దాని బదులు బయటివాళ్లు రాసింది ఎక్కించాలి. దాన్నే కస్టమ్ ఫర్మ్‌వేర్ అంటారు. సరిగ్గా పడితే యంత్రం మన మాట వింటుంది. సగంలో ఏదైనా అయితే ఇక ఎప్పటికీ వెలగదు.

ల్యాబ్‌లో నా జూనియర్ ఒకమ్మాయి ఆ ఫైళ్లన్నీ చిన్న మెమరీ కార్డులో వేసి తెచ్చింది. ఆ రోజు సాయంత్రమే సూర్యగ్రహణం. డిపార్ట్‌మెంట్ ముందు అద్దాలు పెట్టి అందరికీ చూపిస్తున్నారట, చూస్తూ చూస్తూ మిర్చి బజ్జీలు కూడా తింటారట.

"నువ్వు కూడ ఉంటే మంచిగుండేది అక్కా" అంది. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగింది. "ముందుగాల బ్యాకప్ తీసుకో. ఎక్కేటప్పుడు మాత్రం కదిలియ్యకు. కేబుల్ జర్రంత లూజైనా ఖతం. నన్ను అనొద్దు మల్ల."

ఆ పిల్ల మెట్లు దిగుతుండగానే అత్తమ్మ గదిలోకి వచ్చింది. ఆవకాయ జాడీ మీద, ఫ్రిజ్‌లో పాలగిన్నె మీద, మంచినీళ్ల క్యాన్ మీద దర్భలు వేసి వచ్చినట్టుంది, చేతిలో ఇంకో రెండు మిగిలాయి.

"అమ్మాయ్, ఇవాళ సూర్యుడు పట్టుతోనే అస్తమిస్తాడట. విడుపు మనకి కనపడదు. రేపు పొద్దున్న ఆయన్ని చూసేదాకా నేను మంచినీళ్లు కూడా ముట్టను. నువ్వు మాత్రం వేళకి తినాలి, మందులు వేసుకోవాలి. పట్టు ఉన్నంతసేపు కదలకు. కత్తి, కత్తెర, సూది ముట్టుకోకు. దేన్నీ కొయ్యకు, తుంచకు."

"తుంచితే ఏమైతది అత్తమ్మా?"

"అడక్కూడదు" అంది.

ఆమె పరదాలన్నీ మూసి, దుప్పటి మెడదాకా కప్పి, తలుపు దగ్గరికి వేసి వెళ్లింది. వీధిలో అలికిడి తగ్గింది. కింద ఇస్త్రీ బండి దగ్గర ఎప్పుడూ మోగే రేడియో మోగలేదు. పాల దుకాణం షట్టరు దించిన చప్పుడు వినిపించింది. పరదా సందులోంచి పడే ఎండ రాగి రంగులోకి మారింది. సాయంత్రం ఇంకా మిగిలుండగానే కాకులు క్యాంపస్ చెట్ల మీదికి చేరి అరవడం మొదలుపెట్టాయి. కాసేపటికి అవి కూడా ఊరుకున్నాయి.

నేను నా కడుపు వింటూ పడుకున్నాను. వారం కిందట మొదటిసారి లోపల ఏదో చిన్నగా తగిలింది. మా ఆయన చెయ్యి పెట్టి చూసి, తనకేం తెలియట్లేదని అలిగాడు. రెండు రోజులుగా మాత్రం నాకూ ఏమీ తెలియడం లేదు. ఈ నెలలో రోజూ తెలియదమ్మా, కంగారుపడకు అని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ మాటనే పట్టుకుని వేలాడుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందేమోనని భయం. ఇంకాసేపు అలా చీకట్లో ఊరికే పడుకుంటే నాకు పిచ్చెక్కుతుందనిపించింది. పైగా "అడక్కూడదు" అన్న మాట నాకు చిన్నప్పటి నుంచీ పడదు. గ్రహణమంటే నీడ అని పరీక్షలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. పక్కనున్న ల్యాప్‌టాప్ తెరిచాను.

కన్సోల్ కుడి పక్కనున్న బటన్ల ముక్కని జారదీస్తే లోపలి గాడిలో సన్నని పిన్నులు కనిపిస్తాయి. వాటిలో రెండింటిని తీగముక్కతో కలిపి ఆన్ చేయాలి. అప్పుడే అది కంపెనీ ప్రోగ్రాంని వదిలి ల్యాప్‌టాప్ చెప్పింది వింటుంది. నా దగ్గరున్న తీగ పొడుగ్గా ఉంది. సొరుగులోంచి కత్తెర తీశాను. ఆ నిశ్శబ్దంలో తీగ తెగిన చప్పుడు గదంతా వినిపించింది. తలుపు వంక చూశాను. నేనేంటి, భయపడటమేంటి అని నా మీద నాకే కోపం వచ్చింది.

బ్యాకప్ అయింది. అసలు పని మొదలైంది. కన్సోల్ తెర మీద సన్నటి గీత ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా పాకుతోంది. కింద ఇంగ్లీషులో ఎర్రటి అక్షరాలు, కదిలించొద్దని, ఆపొద్దని. కన్సోల్‌ని నా పొట్ట పక్కన ఆనించి పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది.

"ఏంటమ్మా ఆ వెలుగు?"

"కదుల్తలేను అత్తమ్మా. పండుకొనే చేస్తున్న."

ఆమె చూపు దిండు మీదున్న కత్తెర మీద పడింది. దాని పక్కనే తెగిన తీగ. అరిచి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. ఆమె మాత్రం చీర కొంగుతో కత్తెరని పట్టుకుని తీసి అల్మారా మీద పెట్టింది.

"ఆపెయ్ దాన్ని."

"ఇప్పుడు ఆపితే పోతది అత్తమ్మా. సగం ఎక్కింది. మొత్తం ఎక్కేదాకా కదిలియ్యద్దు. కదిలితే మళ్ల లేవదు."

"మళ్లీ లేవదా?"

"లేవదు."

ఆమె ఆ గీత వంక చూసింది. నా పొట్ట వంక చూసింది. మంచం అంచు మీద కూర్చుంది.

"నీ చెయ్యి వణికిపోతోంది. ఇలా ఇవ్వు" అంది.

రెండు అరచేతులూ కలిపి చాచింది. నేను కేబుల్ కదలకుండా కన్సోల్‌ని అందులో పెట్టాను. పొద్దుటి నుంచీ గుక్కెడు నీళ్లు తాగని మనిషి, గ్రహణంలో ఏదీ ముట్టుకోకూడదన్న మనిషి, దాన్ని అలా పట్టుకుని కూర్చుంది. పెదవులు మాత్రం ఏదో చదువుతున్నాయి. గీత ఒకచోట ఆగిపోయింది. చాలాసేపు కదల్లేదు. అత్తమ్మ నా మొహం వంక చూస్తే నేను చూపు తిప్పుకున్నాను. మళ్లీ కదిలింది. చివరిదాకా వెళ్లింది. తెర నల్లబడింది.

"పోయిందా?"

"ఆగుండి."

వెలిగింది. నేను పడుకున్న వైపు నుంచి బొమ్మ నిటారుగా నిలబడింది. అత్తమ్మకి అడ్డంగా కనిపించి, మెడ పక్కకి వంచి చూసింది. "దీనికోసమా ఇంత!" అని ఫక్కుమని నవ్వింది. ఆ ఇంట్లో చాలా వారాల తర్వాత వచ్చిన నవ్వు అది. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే నడుము పట్టేసింది. కాళ్ల మధ్య వెచ్చగా తగిలింది. దుప్పటి తీసి చూడకముందే నాకు తెలిసిపోయింది.

ఆటో దొరకడమే కష్టమైంది. తార్నాక చౌరస్తా అంత ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ స్కానింగ్ చేస్తూ, కాసేపటికి స్క్రీన్‌ని తన వైపుకి తిప్పుకుంది. నేను పైకప్పుకున్న ఫ్యాన్ వంక చూశాను.

"గుండె ఆగిపోయి రెండు రోజులై ఉంటుంది" అంది చివరికి. "ఇవాళ జరిగింది కాదమ్మా. నువ్వు చేసిందేమీ లేదు. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి ఇలా అవుతుంది." అత్తమ్మ నా తల దగ్గరే నిలబడి ఉంది. ఆ మాటలన్నీ విన్నది.

రెండు రోజులు. ఎడమ పక్కకి తిరిగి, దగ్గొస్తే కూడా మెల్లగా దగ్గుతూ, ఎవరికోసం కదలకుండా పడుకున్నానో ఆ బిడ్డ అప్పటికే లేదు. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

తెల్లారింది. రాత్రి ఆసుపత్రికే వచ్చిన మా ఆయన కింద మందుల షాపుకి వెళ్లాడు. వార్డు కిటికీలోంచి ఎండ నా మంచం మీద పడుతోంది. అత్తమ్మ సూర్యుణ్ని చూసింది గానీ ఇంకా ఏమీ తినలేదు. ఆమె ఫోన్ మోగింది. ఊళ్లో ఉన్న ఆమె ఆడపడుచు. ఆవిడ గొంతు పెద్దది, నాక్కూడా వినిపించింది.

"గ్రహణం పూట ఏమైనా కోసిందా? కత్తో కత్తెరో ముట్టుకుందా ఏంటి?"

అత్తమ్మ నా వంక చూసింది.

"లేదొదినా. చీకట్లో కదలకుండా పడుకుంది. వేలు కూడా మడవలేదు. నేను పక్కనే కూర్చున్నాను" అని ఫోన్ పెట్టేసింది.

"ఎవరడిగినా నువ్వూ ఇదే చెప్పు" అంది నాతో. "వాడడిగినా ఇదే."

"డాక్టరమ్మ చెప్పింది విన్నరు కదా అత్తమ్మా? గ్రహణం కంటే ముందే అయిపోయిందంట కదా."

"విన్నాను" అంది. నా దుప్పటి సర్దింది. సర్దిన చోటే మళ్లీ సర్దింది. నా వంక చూడలేదు.

"ఆ మిషన్ని నేను కూడా పట్టుకున్నాను కదమ్మా" అంది.