కృష్ణుడి కిరీటంలో ఈగ

ఆ రోజుల్లో నాకు దేవుడి భయం కంటే ఆంటీ భయం ఎక్కువ. అందుకే ఆ శనివారం ఉదయం ఆవిడ దీపం వెలిగించి, తలెత్తి చూసి, "కృష్ణుడి పింఛం ఏదయ్యా?" అని అడిగినప్పుడు, చేతిలో ఉన్న కాఫీ కప్పు వెనకాల దాక్కోవాలని చూశాను. (కప్పు చిన్నది.)

అమెరికాలో, ఎడిసన్‌లో ఆంటీవాళ్ళింట్లో గది అద్దెకి తీసుకుని, కొత్త ఉద్యోగానికి ట్రైన్‌లో వెళ్ళొచ్చే కాలమది. పక్కింటి అమెరికన్ పెద్దాయన్ని మేం తాతగారనేవాళ్ళం. ఆయన గరాజ్‌లో కూర్చుని ట్రౌట్ చేపలకి ఎరగా ఈగలు కట్టేవారు. నిజం ఈగలు కావు. చిన్న గాలపు ముల్లు మీద పట్టుదారం చుట్టి, ఈకలు బిగించి, చేప కంటికి ఈగలా కనిపించేట్టు చేసేవి. పాతకాలపు పుస్తకంలో దేనికి ఏ ఈక రాసివుంటే అదే వాడాలి. మా అమ్మమ్మకి ఆవకాయ కొలతల్లో కూడా అంత పట్టుదల లేదు.

ఆ చలికాలమంతా ఆయన దగ్గర శిష్యరికం చేశాను. ఈగలు కడుతున్నానని చెబితే ఆంటీ జాలిగా చూసి, ఉద్యోగం పోయిందా అని అడిగారు. "ఈగలు తోలుకునేవాళ్ళని చూశాను గానీ, కట్టేవాణ్ణి నిన్నే చూస్తున్నా." నేను కట్టినవి గ్లాసు నీళ్ళలో వేస్తే చాలు, దేనికది విడిపోయి తేలేవి. తాతగారు కళ్ళద్దాలు తుడుచుకునేవారు. చివరికి మాట ఇచ్చారు: చేపల సీజన్ మొదలయ్యే రోజుకి రాయల్ కోచ్‌మన్ అనే ఈగని సరిగ్గా కడితే, తొలి గాలం దానితోనే వేస్తారట. రాయల్ కోచ్‌మన్ అంటే రాజుగారి బండి తోలేవాడు (తోలడం నన్ను వదల్లేదు). నడుముకి ఎర్ర పట్టు, దానికి అటూ ఇటూ నెమలి ఈక పోగులు. తీరా ముందురోజు చూస్తే ఆయన డబ్బాలో నెమలి ఈకని పురుగులు కొట్టేశాయి. నైలాన్ వాడదామంటే ఆయన పుస్తకం మూసేశారు. నాకు తెలిసిన నెమలి ఈక ఇంకొక్కటే ఉంది.

అంతా విన్నాక ఆంటీ అడిగింది ఒక్కటే. "చేప నోట్లోకా?"

గుడ్డు కూడా రానివ్వని ఇల్లది. పట్టిన చేపని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తామన్నాను.

"మరి పట్టడం దేనికి?"

గది ఖాళీ చేయమంటారనుకున్నాను. ఎడిసన్‌లో ఇంకో గది దొరుకుతుందేమో గానీ, ఆవిడ పప్పు దొరకదు.

అప్పుడే తాతగారు, తొడల దాకా రబ్బరు బూట్లతో, నన్ను తీసుకెళ్ళడానికి వచ్చారు. సంగతి తెలిసి టోపీ తీశారు. తన చొక్కా జేబుకి గుచ్చుకున్న, రాత్రి నేను కట్టిచ్చిన ఈగని తీసి ఆంటీ అరచేతిలో పెట్టి, కుర్రాడు కట్టినవాటిలో విడిపోనిది ఇదొక్కటేనని, అయినా ఇది మీ దేవుడిదేనని ఇంగ్లీషులో చెప్పారు. ఆంటీ దాన్ని దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది నువ్వే కట్టావా?"

అవునన్నాను. ఆవిడ ముల్లుని కిరీటం అంచుకి తగిలించి, నాకు ఇంకో కప్పు కాఫీ ఇచ్చారు. తాతగారు తను కట్టుకున్న ఈగతోనే ఏటికి వెళ్ళారు.

ఆ తరవాత చాలా కట్టాను, అంత బిగువుగా ఇంకోటి కుదరలేదు. ఆంటీ ఇంటికి వెళ్ళినప్పుడల్లా ముందు కృష్ణుణ్ణే చూస్తాను. ఆవిడ నన్ను చూసి నవ్వుతారు. కిరీటంలో ఈగకి ఒక్క పోగు కూడా ఊడలేదు. దానికి చేప పడేదో లేదో మాత్రం ఇప్పటికీ తెలియదు.